తెర వెనక పిన్ని చెప్పిన సినిమా

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక మా మనవరాలు ముందు గదిలో కిటికీలకు తెరలు లాగేసి, టీవీలో ఏదో సినిమా పెట్టుకుని కూర్చుంది. గోవింద్‌పూర్‌లో మా అబ్బాయి ఇల్లు ఇరుకు. ముందు గదిలో టీవీ మోగితే వంటింట్లో గిన్నెలకు కూడా వినబడుతుంది. నేను మంచం మీద వాలి కునుకు తీద్దామనుకుంటుండగా భోంగా కూసింది. ఇనుము కార్ఖానా సైరన్‌ని ఈ హిందీ ఊళ్ళో భోంగా అంటారు. ఈ వేళప్పుడు ఏ షిఫ్టబ్బా అనుకుంటూ లేచి కూర్చున్నాను. తీరా చూస్తే ఆ కూత టీవీలోది.

ముందు గదిలోకి వెళ్ళి చూశాను. ఒక చిన్న ఊరు. మిల్లు గేటు మూసి ఉంది. గేటు ముందు ఒక కుక్క కూర్చుని లోపలికి చూస్తోంది. వెనక ఆకాశమంతా ఎర్రగా ఉంది. ఆ కుక్కను నేనెరుగుదును.

ఇది నేను చిన్నప్పుడు చూసిన సినిమానే అంటే మనవరాలు నమ్మలేదు. నేను తెలుగులో అడుగుతాను, అది హిందీలో జవాబిస్తుంది, మా ఇద్దరి సంసారం అలా నడుస్తోంది. ఈ సినిమా వచ్చిన కొత్తలో ఎవరూ పట్టించుకోలేదట. ఇప్పుడు కుర్రకారంతా వెతుక్కుని మరీ చూస్తున్నారట. ఒక ఊరు అంతమైపోవడాన్ని ఇంత నెమ్మదిగా, ఒక్క దెయ్యాన్నీ చూపించకుండా తీసినవాళ్ళు మరొకరు లేరని మెచ్చుకుంటున్నారట. ఇంత చెప్పి, నేనెక్కడ చూశానో తెలుసుకోవాలని, "ఆప్‌నే కహాఁ దేఖీ, దాదీ?" అని అడిగింది.

తెర వెనక చూశాను అన్నాను. దానికి అర్థం కాలేదు. ఎలా అవుతుంది, ఆ తెరా లేదు, ఆ వెనకా లేదు.

అప్పట్లో మేం గోల్‌మురిలో కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా వరసంతా తెలుగువాళ్ళే. పలాస నుంచి, టెక్కలి నుంచి, సోంపేట నుంచి పనికొచ్చి స్థిరపడ్డవాళ్ళు. వరస చివర మైదానంలో చలికాలం ఆదివారాల్లో సినిమా వేసేవారు. రెండు వెదురు గడలు పాతి, మధ్య తెల్లగుడ్డ కట్టేవారు. మగవాళ్ళు ముందు వైపు కుర్చీల్లో, బెంచీల మీద. ఆడవాళ్ళం, పిల్లలం తెర వెనక వైపు చాపల మీద. ఇలా కూర్చోవాలని ఎవరూ శాసనం చెయ్యలేదు. మొదటి ఆదివారం ఎలా కూర్చున్నారో అదే ఆచారమైపోయింది.

వెనక నుంచి చూస్తే బొమ్మంతా తిరగేసి కనబడేది. అక్షరాలు తలకిందులు కాకపోయినా కుడిఎడమలయ్యేవి. ఎలాగూ చదివేవాళ్ళు ఒకరో ఇద్దరో కాబట్టి అదో లోటు కాదు. తంటా అల్లా భోజనాల దగ్గరే. సినిమాల్లో అందరూ ఎడమచేత్తో తినేవారు, ఎడమచేత్తో ప్రసాదం అందుకునేవారు. మా మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, దానికి ఎంత ఏవగించుకునేదో చెప్పలేను. "ఎంత కలిగినోళ్ళైతే ఏటి, ఈ హిందీవోళ్ళు ఎడం సేత్తో తింతారు" అనేది. ఒకసారి మా అన్నయ్య ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని ముందు వైపుకు తీసుకెళ్ళి చూపించాడు. మామ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని కాసేపు చూసి వచ్చింది. మగవాళ్ళ ముందర మర్యాదగా కుడిచేత్తో తింటున్నారని, ఆడవాళ్ళ ముందరే వీళ్ళకు సిగ్గు లేదని తేల్చేసింది. ఆ అభిప్రాయం చివరిదాకా మార్చుకోలేదు.

ఆ సాయంత్రాల వాసన ఇప్పటికీ నా ముక్కుకు తెలుసు. వరసంతా బొగ్గుల పొయ్యిలు గుమ్మాల బయట పెట్టి రాజేసేవారు. ఆ పొగ మైదానం మీద నడుము ఎత్తున నిలబడిపోయేది. మరమరాల్లో పచ్చి ఆవనూనె, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి పెద్ద తపేలాతో తెచ్చేది మా అమ్మ. మేం పిల్లలం సగం సినిమాలో తెర దగ్గరికి పాకి, గుడ్డ మీద వేలితో పొడిచేవాళ్ళం. హీరో బుగ్గకు సొట్ట పడేది. ముందునుంచి మగవాళ్ళు కేకలేసేవారు.

ఇక మా పిన్ని సంగతి. ఆవిడ మా అమ్మకు చెల్లెలు, మా నాన్నగారి తమ్ముడి భార్య. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంటికి కోడళ్ళయ్యారు. పిన్ని ఇక్కడి హిందీ బడిలో చదువుకుంది. మిగిలిన ఆడవాళ్ళ హిందీ కూరగాయల బజారు దాకానే. అందుకని సినిమా మొదలవగానే పిన్ని బోర్లించిన బొగ్గుల డబ్బా మీద కూర్చుని అందరికీ కథ తెలుగులో చెప్పేది. మాటకు మాట చెప్పేది కాదు. తనకు తోచినట్టు చెప్పేది. సినిమాలోని అత్తగారు మా వరసలో ఉండే టెక్కలి అత్త అయిపోయేది, విలన్ ఫలానా లైన్లో ఉండే వడ్డీ వ్యాపారిలా నవ్వేవాడు. అన్నిటికంటే ముఖ్యం, పిన్ని చెప్పే కథల్లో ఎవరూ చచ్చిపోయేవారు కాదు. తెర మీద తల్లి ఒళ్ళో కొడుకు కన్నుమూసి పాట కూడా అయిపోతుంటే, "ఆస్పత్రికి తీసుకెల్తన్నారు, బతికీత్తాడు" అనేది. అబద్ధమని అందరికీ తెలుసు. అయినా ఆ మాట వినే చాపలు చుట్టుకుని ఇళ్ళకు వెళ్ళేవారు.

ఆవిడ గొంతు మాకు మరీ అవసరమయ్యే వేళ ఒకటుండేది. సాయంత్రం దాటాక కార్ఖానా వెనక స్లాగు పారబోసేవారు. ఇనుము తీసేశాక మిగిలే కరిగిన మడ్డి అది. అది పోసినప్పుడల్లా సగం ఆకాశం ఎర్రబారేది. ఆ వెలుగులో తెర మీద బొమ్మ బొత్తిగా వెలిసిపోయేది. మాటలు వినబడేవి, మనుషులు కనబడేవారు కాదు. మళ్ళీ చీకటి పడేదాకా పిన్ని చెప్పిందే సినిమా. కొత్తగా ఊరొచ్చిన చుట్టాలు ఆ ఎరుపు చూసి హడలిపోతే మేం నవ్వేవాళ్ళం. ఆకాశం ఎర్రబడిందంటే కొలిమి మండుతోందని, కొలిమి మండుతోందంటే అందరి పొయ్యీ మండుతుందని మా లెక్క.

మా ఇంట్లో మాత్రం ఒక పళ్ళెం రోజూ చల్లారిపోయేది. అది మా బాబాయిది. ఆయన కాంట్రాక్టు ఫిట్టరు. ఎక్కడ పనుంటే అక్కడికి ముఠాతో వెళ్ళి వచ్చేవాడు. ఒకసారి వెళ్ళినవాళ్ళందరూ వచ్చారు, ఆయన రాలేదు. దారిలో ఏదో స్టేషన్లో టీ తాగొస్తానని దిగాడట, రైలు కదిలినా ఎక్కలేదట. నాన్న వెతకని చోటు లేదు. పోలీసులకు చెప్పారు, ఊరికి మనుషుల్ని పంపారు. నాకు ఊహ తెలిసేటప్పటికే ఆ వెతుకులాట అయిపోయింది, ఎదురుచూపు మిగిలింది. సాయంత్రం భోంగా కూయగానే పిన్ని ఆయన పళ్ళెంలో అన్నం వడ్డించి మూత పెట్టాలి. అది మామ్మ పెట్టిన నియమం. రేపు వస్తాడు అనేది మామ్మ. రేపు వస్తాడు అనేవారు చుట్టుపక్కల వాళ్ళు. పిన్ని తలూపేది. అందరి కథలకూ మంచి ముగింపు చెప్పే మనిషికి అందరూ కలిసి చెప్పిన ముగింపు అది.

ఈ సినిమా చూసిన ఏడు చలికాలంలో పక్క లైన్లో ఉండే టీచరమ్మగారు ఒక కబురు తెచ్చారు. ఆవిడ కాకినాడ వైపు క్రైస్తవుల అమ్మాయి, పిన్ని అంటే చాలా ఇష్టం. దూరంగా వేరే ఊళ్ళో ఆడపిల్లల హాస్టల్లో చిన్నపిల్లల్ని చూసుకోవడానికి మనిషి కావాలట. ఉండడానికి గది ఇస్తారు, రాత్రి పిల్లలకు కథలు చెప్పగలిగే మనిషి అయితే మరీ మంచిదన్నారట. క్రిస్మస్ సెలవులయ్యేలోగా ఏదో ఒక మాట చెప్పాలి. పిన్ని ఇంట్లో అడిగింది. నాన్న ఎటూ తేల్చలేకపోయారు. మామ్మ విననట్టు వత్తులు చేసుకుంటూ కూర్చుంది. నాకు బాగా గుర్తు, ఆ వారమంతా పిన్ని వంట చేస్తూ కూనిరాగాలు తీసింది. అంతకుముందు ఆవిడ పాడగా నేను వినలేదు.

ఆ ఆదివారానికే ఈ సినిమా వచ్చింది. నిజానికి రావలసింది భక్తి సినిమా. ఆ పెట్టెలు ఇంకో ఊరు వెళ్ళిపోయాయని రీళ్ళు తెచ్చే మనిషి ఇది పట్టుకొచ్చాడు. దెయ్యాల సినిమా అన్నాడు. పిల్లలం ఎగిరి గంతేశాం.

పిన్ని హుషారుగానే మొదలెట్టింది. ఒక చిన్న ఊరు, ఒక మిల్లు. మగవాళ్ళు సాయంత్రం షిఫ్టుకు లోపలికి వెళ్ళారు. ఆకాశం ఎర్రబడింది. షిఫ్టు దిగే భోంగా మోగింది, గేటు మాత్రం తెరుచుకోలేదు. ఎర్రటి ఆకాశం కింద వీధుల్లో ఆడవాళ్ళు నిలబడి భయంతో పైకి చూస్తున్నారు. అక్కడ భయపడాలని తీసినవాళ్ళ ఉద్దేశం. మా వాళ్ళు పడీ పడీ నవ్వారు. స్లాగు పోసినార్లే, దానికే ఇంత కంగారా అంది ఒకావిడ. ముందు వైపు మగవాళ్ళు కూడా నవ్వుతున్నారు. సినిమా తీసినవాళ్ళు ఇంకెక్కడైనా వేసుకుంటే జనం జడుసుకునేవారేమో. మా ఊళ్ళో ఆ ఎరుపుకు విలువ లేదు.

తరవాత దెయ్యం వస్తుందని చూశాం. రాలేదు. ఒక్కో రోజూ ఒక్కో ఇల్లు ఖాళీ అవుతుంది. పాలవాడు రాడు. బడి గంట కొట్టేవాడు ఉండడు. మిగిలినవాళ్ళు పోయినవాళ్ళ ఊసెత్తరు, మర్యాదగా పలకరించుకుంటారు, రేపు వస్తారులే అనుకుంటారు. మిల్లు పనివాడి భార్య ఒకామె రోజూ వండి, మొగుడికి పళ్ళెం పెట్టి, గుమ్మంలో కూర్చుంటుంది. అంతే సినిమా. విసుగుపుట్టి మగవాళ్ళలో సగం మంది టీ కొట్టుకు లేచిపోయారు. పిల్లలు నిద్రకు పడ్డారు. నేను మాత్రం పిన్నిని చూస్తున్నాను. ఆవిడ టెక్కలి అత్తను తీసుకురాలేదు, వేళాకోళమాడలేదు. రానురాను చెప్పడం తగ్గించి తెరనే చూస్తోంది. మా అమ్మ మరమరాల తపేలా పక్కన పెట్టేసి చెల్లెల్నే చూస్తోంది.

"ఆ మొగోళ్ళు వత్తారా రారా, అది సెప్పు" అని మామ్మ అడిగింది.

సరిగ్గా అప్పుడే నిజం స్లాగు పోశారు. మైదానమంతా ఎర్రబారిపోయింది. తెర మీద మనుషులు మాయమయ్యారు. ఏదో సన్నగా సంగీతం వినిపిస్తోంది. ఆడవాళ్ళందరూ అలవాటుగా పిన్ని వైపు తిరిగారు. పిన్ని తల తిప్పకుండా, ఖాళీ గుడ్డను చూస్తూ చెప్పింది.

"ఈ రోజు వంట సెయ్నేదు. పొయ్యార్పీసినాది. పళ్ళెం కడిగి బోర్లించీసినాది. ఇంటికి తాళమేసి, తాళంసెవి పక్కింటోళ్ళకి ఇవ్వకండా తన కొంగుకే కట్టుకున్నాది. టేసనుకి నడిసెళ్ళి రైలెక్కీసినాది. ఎనక్కి సూడ్నేదు."

"మరి ఆ మొగుడొత్తే?" అంది మామ్మ.

"రాడు" అంది పిన్ని.

ఎరుపు తగ్గి చీకటి పడేసరికి సినిమా అయిపోయింది. ఆడవాళ్ళు చాపలు చుట్టుకున్నారు. తరవాత ఒకరొకరే గొణగడం మొదలెట్టారు. ఇల్లూ వాకిలీ వదిలేసి పోయే ఆడదాన్ని చూపిస్తారా, సంసారులు చూసే సినిమాయేనా ఇది అన్నారు. ఇంటికొచ్చాక మామ్మ అన్నం ముట్టలేదు. మర్నాడు నాన్న వెళ్ళి సినిమాలు వేయించే పెద్దలతో దెబ్బలాడి వచ్చారు. రీళ్ళు తెచ్చే మనిషి ఏదో చెప్పబోతే నోరు మూయించారట. ఇకమీదట భక్తి సినిమాలు తప్ప వెయ్యకూడదని తీర్మానమైంది. ఈ సినిమా అంత పాడు సినిమా లేదని మా వరసంతా చాలాకాలం చెప్పుకుంది. అందరూ సినిమానే తిట్టారు.

ఆ మర్నాడో ఆ పైనో టీచరమ్మగారు జవాబు కోసం వచ్చారు. మామ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. అరవలేదు, ఏడవలేదు. పిన్ని చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "నువ్వు ఎలిపోతే నా కొడుకు రాడని ఊరందరికీ సెప్పినట్టే కదమ్మా" అంది. ఆవిణ్ణి నేను ఇవాళ కూడా తప్పు పట్టలేను. కన్నతల్లి. కోడలు ఇంట్లో ఉన్నన్నాళ్ళే ఆవిడ కొడుకు బతికి ఉన్నాడు. కానీ ఇద్దరు మనుషుల ఆశ ఒక్క మనిషి మొయ్యాలంటే ఎలా? ఆ మాట అడిగే పెద్దమనిషి మా ఇంట్లో ఒక్కరు లేకపోయారు.

పిన్ని "ఈ ఏడు కాదులెండి టీచరమ్మగారూ" అంది. ఆ పై ఏడు ఎవరూ అడగలేదు.

ఆదివారాలు సినిమాలు పడుతూనే ఉన్నాయి. పిన్ని మాత్రం రావడం మానేసింది. తలనొప్పి అనేది, పిండి రుబ్బాలి అనేది. కథ చెప్పేవాళ్ళు లేక ఆడవాళ్ళు ఎవరికి తోచింది వాళ్ళు ఊహించుకుని పోట్లాడుకునేవారు. చనిపోయినవాళ్ళు చనిపోతూనే ఉన్నారు, ఆస్పత్రికి తీసుకెళ్ళే దిక్కు లేదు. తరవాత ఇళ్ళల్లోకి టీవీలొచ్చాయి, మైదానంలో వెదురు గడలు పీకేశారు. నాన్న రిటైరయ్యాక క్వార్టరు వదిలి పర్సుడీహ్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాం. మామ్మ అక్కడే పోయింది, ఆఖరి రోజు కూడా తలుపు గడియ పెట్టనివ్వలేదు. మామ్మ పోయాకైనా పళ్ళెం ఆగుతుందనుకున్నాం. ఆగలేదు. పర్సుడీహ్‌కు భోంగా సరిగ్గా వినబడదు కూడా. పిన్ని గడియారం చూసుకుని లేచి వడ్డించేది. ఎందుకు పిన్నీ అని అడిగితే అలవాటైపోయిందే అనేది. అలాగే ముసలిదై, కొన్నేళ్ళ కింద ఒక చలికాలంలో మమ్మల్ని వదిలి వెళ్ళిపోయింది. వెళ్ళిపోవడమంటూ ఆవిడ వెళ్ళింది ఆ ఒక్కసారే.

ఇదంతా తలుచుకుంటూ మొన్న మనవరాలి పక్కన కూర్చుని సినిమా చివరిదాకా చూశాను. ఎంత బాగా తీశారో అప్పుడు తెలిసింది. చిన్నప్పుడు దెయ్యం ఎప్పుడొస్తుందా అని చూశాను, ఇప్పుడు ఆ ఇళ్ళ గుమ్మాలు చూస్తేనే భయమేసింది. ఊరు అంతమైపోవడానికి నిప్పుల వాన కురవక్కర్లేదు. రేపు వస్తారులే అని ఒకరికొకరు చెప్పుకుంటూ పోతే చాలు. కాళ్ళు ముడుచుకుని ముందుకు వంగి చూస్తున్నాను, ఆమె తాళం ఎప్పుడు వేస్తుందా అని.

ఆమె తాళం వెయ్యలేదు. ఊరంతా ఖాళీ అయిపోయింది. ఆకాశం ఎర్రగా ఉంది. ఆమె వంట చేసింది, పళ్ళెంలో అన్నం పెట్టింది, మూత పెట్టింది, గుమ్మంలో కూర్చుంది. భోంగా కూసింది. కూత ఆగాక కూడా అలా కూర్చునే ఉంది. అయిపోయింది.

ఈ ముగింపు కోసమే అందరూ ఈ సినిమాను నెత్తిన పెట్టుకుంటున్నారని మనవరాలు చెబుతోంది. నాకు దాని మాటలు సరిగ్గా వినబడలేదు. మైదానంలో ఈ సినిమా వేసిన రోజు రాత్రి వంటింట్లో మా అమ్మ పిన్నిని అడిగిన మాట చెవిలో మోగుతోంది. గిన్నెలు సర్దుతూ గొంతు తగ్గించి, "నిజంగా అలగే అయిందేటే ఆ బొమ్మ?" అంది. పిన్ని బూడిదతో పళ్ళెం తోముతోంది. "అంతా ఎర్రగా ఉందక్కా, నాకు మాత్రం ఏటి కనపడ్డాది?" అంది. అమ్మ ఆ పళ్ళెం అందుకుని కడిగి, గూట్లో యథాస్థానంలో పెట్టింది.

అమ్మకు తెలుసు. సొంత అక్క, తెలియకుండా ఎలా ఉంటుంది? అయినా నోరు విప్పలేదు. మిగిలినవాళ్ళకు ఆ మాటే పట్టలేదు. జీవితంలో ఒక్కసారి పిన్ని తనకేం కావాలో వరసంతా వినేలా చెబితే, మా వాళ్ళు దాన్ని సినిమా అనుకుని, ఆ సినిమాను తిట్టి ఇళ్ళకు పోయారు. ఎన్నో సినిమాల్లో చచ్చిపోయినవాళ్ళను బతికించిన మనిషి. తన కోసం ఒక్క ముగింపు మార్చుకుంది.

సినిమా ఎలా ఉంది దాదీ అని మనవరాలు మళ్ళీ అడిగింది. చాలా గొప్పగా ఉందన్నాను. ఆ మాట అబద్ధం కాదు. కానీ మా పిన్ని చెప్పిన సినిమా ఇంతకంటే బాగుంది. దాన్ని మేమే ఆడనివ్వలేదు.